పదకొండో మెట్ట దూలగొండి

స్వాతి కార్తె, రెండో రోజు

పద్నాలుగో గట్టు దగ్గర ఊదాపూల గుత్తి ఒకటి కనిపించింది. తీగను మొదలంటా పీకి, గోనెలో వేసి, మూతి కట్టి, బంగళాకు వచ్చి అక్కడి నమోదు పెట్టెకు చెప్పాను. "పద్నాలుగో గట్టు. ఊదా ఒకటి. పీకాను."

"నమోదైంది" అంది పెట్టె. దానికి అంతకంటే మాటలు రావు. ఇక్కడికి వచ్చే సార్ల కంటే అదే నయం.

పెట్టెకు చెప్పనివి ఈ నోటు పుస్తకంలో రాసుకుంటాను. పెట్టెకు కన్ను పోయి నాలుగేళ్ళయింది, చెవి మాత్రం పనిచేస్తోంది. కన్ను బాగు చెయ్యమని మూడుసార్లు పెట్టెకే చెప్పాను. మూడుసార్లూ నమోదైంది.

మా మెట్ట మీద పాకేది, ఈ మెట్టలన్నీ నడిపే మండలి నాటించిన దూలగొండి. తెల్లపూలు పూస్తుంది. కాయ మీద నూగు ఉంటుంది గానీ దురద పెట్టదు. మండలివాళ్ళు దురద తీసేశారు, గింజలో ఉండే విషం తీసేశారు, వాటితోపాటు రుచి కూడా పోయింది. తీగ కొండమట్టిని పట్టుకుంటుంది. ఆకు మేకలు తింటాయి, గింజ మేం తింటాం. పొద్దున గింజే, సాయంత్రం గింజే. కోతకు గొంగళిపురుగుల్లాంటి యంత్రాలున్నాయి. మేం పురుగులంటాం.

ఊదాపూలు పూసేది పాతకాలపు అడవి దూలగొండి. దాని కాయ తగిలినవాడికి ఆ పూట పని ఉండదు, గోక్కోవడమే పని. దాని పుప్పొడి తెల్లదానిలో కలవకూడదని నన్ను పెట్టారు. తెల్లదాంట్లో ఊదాని వెతకాలి, అంతే. ఏడో తరగతి చదివినవాడికి ఇదే ఎక్కువన్నాడు సూపర్‌వైజరు జయంత్. ఆయనేం చదివాడో నాకు తెలియదు. పోయినేడు ఊదాపువ్వు చూపించమంటే వంగపువ్వు చూపించాడు.

స్వాతి, ఆరో రోజు

గ్లాసు పరీక్ష జరిగింది. వదిన మూడు చుక్కలు ఒలికించింది.

మా వదిన అప్పలనర్సమ్మకు అరవై రెండేళ్ళు. సముద్రం మా ఊరిని తినేసిన ఏడాదే అన్నయ్య పోయాడు. నన్ను పెంచింది వదినే. ఆ సంగతి ఆవిడే రోజూ చెబుతుంది కాబట్టి నేను రాయనక్కర్లేదు.

పరీక్ష మూడు కార్తెలకోసారి. నిండు గ్లాసు పట్టుకుని పచ్చగీత మీద పదడుగులు నడవాలి. ఒలికితే చెయ్యి పనికిరాదని లెక్క. వరసగా మూడు పరీక్షల్లో ఒలికితే దిగువ శిబిరానికి పంపేస్తారు. వదిన ఒలికించడం వరసగా ఇది రెండోసారి.

దిగువ శిబిరమంటే ఉప్పుమళ్ళ పక్కన రేకుల షెడ్డు. కాయితాల మీద విశ్రాంతి గృహం. మా మెట్ట నుంచి ఇప్పటికి ఏడుగురు వెళ్ళారు. ఒక్కరి కబురూ లేదు. "చేతులు వణికేవాళ్ళు ఉత్తరాలెలా రాస్తారు?" అన్నాడు జయంత్. నోటికేమైందని నేను అడగలేదు.

వణుకు వదిన ఒక్కదానికే కాదు. చేలల్లో ఏళ్ళ తరబడి పురుగుమందు కొట్టిన చేతులు మా తరానివి. అప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమని చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు గ్లాసు పట్టుకోమని చెప్పేవాళ్ళు ఉన్నారు.

ఇంటికి వచ్చాక వదిన గింజలు పొయ్యి మీద పడేసి అంది, "మూడు సుక్కలు. కాకి కూడా అంతకంటే ఎక్కువ ఒలకబోత్తది. దాన్ని ఎవడూ ఎక్కడికీ పంపడు."

స్వాతి, పదకొండో రోజు

నీళ్ళ దగ్గర గొడవ.

వదిన ఇప్పటికీ గింజల్ని ఏడు నీళ్ళలో ఉడికిస్తుంది. ఉడికించి పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఉడికించి పారబోసి, ఇలా ఏడుసార్లు. అడవి దూలగొండి తినే రోజుల్లో విషం పోవడానికి అలా చేసేవారు. మండలి గింజకు ఒక్క నీళ్ళు చాలు. ఇంటికి రోజుకు మూడు బిందెలే ఇస్తారు కాబట్టి మెట్ట మీద అందరూ ఏడు నీళ్ళు మానేశారు. వదిన మాత్రం తన స్నానం నీళ్ళు మిగిల్చి ఏడూ పూర్తి చేస్తుంది.

మెట్టపెద్ద పోలినాయుడు నీళ్ళు కొలిచి పోస్తాడు. ఆ పదవి మండలివాళ్ళు ఇచ్చింది. మెడలో తాళంచెవి వేలాడేసుకుని తిరుగుతాడు, తాళి కట్టించుకున్నట్టు.

"ఏటమ్మా నర్సమ్మా, ఇంకా ఏడు నీళ్ళేనా?" అన్నాడు. "ఇసం తీసీసి పదిహేనేళ్ళయిందే!"

"మాయత్త సెప్పింది ఏడని. మండలోళ్ళకి అత్తల్లేరు, ఆళ్ళకేటి తెల్సు?"

"నీళ్ళు పారబోత్తే నాను రాయించాలి మరి."

"రాయించు. ముందు నీకు అచ్చరాలు రానీ."

నీళ్ళ వరసలో ఆడవాళ్ళు నవ్వారు. పోలినాయుడు మా బిందె అంచుకు రెండు వేళ్ళు తక్కువ పోశాడు.

ఈ విషయంలో నేను అతని వైపే. ఆ మాట వదినతో అన్నాను. "తినీవోడివి తిను" అంది.

విశాఖ కార్తె, రెండో రోజు

ఆరిళ్ళలో వాంతులు. కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఒక ముసలాయన సముద్రంలో మునిగిపోయిన తన గేదెల్ని పేర్లు పెట్టి పిలుస్తూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గట్ల వెంట తిరిగాడు. ఎవరూ చచ్చిపోలేదు.

చేతులు కడుక్కోకపోవడం వల్ల వచ్చిందని మండలి కబురు పంపింది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పంపలేదు.

గోదాముకు వెళ్ళి బస్తా విప్పి చూశాను. తెల్లగింజల్లో నల్లమచ్చల గింజలున్నాయి, చిన్నవి. అడవిరకం కలిసింది. పురుగులకు రంగు తెలియదు, కాయ కనిపిస్తే కోసేస్తాయి. రంగు తెలియాల్సినవాణ్ణి నేను. పోయినేడు ఇరవయ్యో గట్టు కింద లోయలోకి దిగాల్సి ఉంటే మోకాలు నొప్పని దిగలేదు. దిగినట్టు కూడా చెప్పలేదు, పెట్టె అడగలేదు. పుప్పొడి అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

మా ఇంట్లో అదే బస్తా గింజలు తిన్నాం. మాకేమీ కాలేదు. ఏడు నీళ్ళు. వదిన ఈ మాట రెండుసార్లు అంది, రెండోసారి వీధి గుమ్మంలో నిలబడి.

విశాఖ, నాలుగో రోజు

పొద్దున వదిన గుమ్మంలో కూర్చుని నా చొక్కా చిరుగు కుడుతోంది. సూదిలోకి దారం ఎవరెక్కించారని అడిగాను.

"నీ పెళ్ళాం" అంది. నాకు పెళ్ళి కాలేదు.

చెయ్యి పట్టుకుని చూశాను. నిలకడగా ఉంది. రెండేళ్ళలో ఆ చెయ్యిని అలా చూడలేదు.

"ఏం తిన్నావు?"

"నువ్వు తిన్నదే."

"ఏం తాగావు?"

కుట్టు పూర్తి చేసింది. దారం కొరికి అప్పుడు చెప్పింది. "మొదటి నీళ్ళు. ఆ పోలిగాడు నీళ్ళు పారబోత్తన్నానని కూత్తన్నాడు కదా. పారబొయ్యడానికి పేనం ఒప్పలేదు. తాగీసినాను."

"అది విషం వదినా!"

"సేదుగా ఉంది. అయితే ఏటి? నువ్వు కాసే టీ కన్నా బాగుంది."

అందరూ విషమని పారబోసేదాన్ని, నీళ్ళు వృథా అవుతాయని తాగేసిన మనిషి మా వదిన ఒక్కతే ఉంటుంది. పన్నెండు గంటలకు సూది చేతిలోంచి జారింది. మళ్ళీ వణుకు.

విశాఖ, పన్నెండో రోజు

వదినకు రోజూ ఒక లెక్క ప్రకారం ఇస్తున్నాను. మా బస్తాలోంచి మచ్చగింజలు ఏరి, దంచి, అర చెంబు నీళ్ళలో ఉడికించి, వడగట్టిన మొదటి నీళ్ళే.

పది గింజలు: ఏమీ లేదు.

పదహారు: గంటకు చెయ్యి నిలిచింది. రెండు గంటలు.

ఇరవై ఆరు: వాంతి. తర్వాత మెడ, భుజాలు వాటంతటవే ఊగాయి. "సూడ్రా, జాతరలో అమ్మోరు పూనినట్టు" అంది. ఆవిడ నవ్వుతోంది, తల మాత్రం ఆగడం లేదు. నేను కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. ఎప్పటికో తగ్గింది.

పద్దెనిమిది: గంటకు నిలిచింది. మూడు గంటలు. వాంతి లేదు.

పద్దెనిమిది దగ్గర ఆపాను.

"రోజూ వద్దు, పరీక్ష రోజుకు దాచుకో. గింజలు అయిపోతాయి" అన్నాను.

"నాకు బతకడానికి గావాల" అంది వదిన. "ఆడి గ్లాసు మొయ్యడానికి కాదు."

ఆ మూడు గంటల్లో ఆవిడ వంట చేస్తుంది, కుడుతుంది, తల దువ్వుకుంటుంది, పక్కింటివాళ్ళ మీద రాయి విసరడానికి కూడా గురి చూసుకుంటుంది. మిగతా పొద్దంతా కూర్చుని నన్ను తిడుతుంది.

అనూరాధ కార్తె, మూడో రోజు

మండలి పాత బస్తాలన్నీ వెనక్కి తీసుకుంది. కొత్తవి వచ్చాయి. అన్నీ తెల్లగింజలే. ఒక్క మచ్చ లేదు.

ఇరవయ్యో గట్టు కింద లోయలోకి దిగాను. పోయినేడు పుట్టిన మోకాలినొప్పి ఈసారి పుట్టలేదు.

లోయ నిండా ఊదా. చెట్ల మీదికెక్కి, చెట్లు కనపడకుండా కప్పేసి, కొమ్మల నుంచి గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది. ముందు పూసిన గుత్తులకు అప్పుడే కాయలు గోధుమరంగుకు తిరిగాయి. నూగు ఎండలో బంగారంలా ఉంది. బంగారాన్ని కూడా దూరం నుంచే చూడాలి.

చేతులకు గోనెపట్టా చుట్టుకుని, గాలికి వీపు పెట్టి నిలబడి ఎండిన కాయలు కోశాను. అయినా మెడలోకి దిగింది. ఇంటికి వచ్చి మేకపేడ పూసుకుని, ఆరాక చింతపండు గుజ్జు పూసుకుని కూర్చున్నాను. వదిన చూసి కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఇన్నాళ్ళకి నీ ఒంట్లో సురుకు కనిపించింది" అంది.

లోయ సంగతి పెట్టెకు చెప్పాలి. అది నా పని. తొమ్మిదేళ్ళలో ఒక్క పువ్వూ దాచలేదు.

"ఇరవయ్యో గట్టు కింద లోయ. ఏమీ లేదు."

"నమోదైంది" అంది. నిజం చెప్పినప్పుడు ఏ గొంతుతో అంటుందో, ఆ గొంతుతోనే.

అనూరాధ, పదో రోజు

జయంత్ తాడు మీద కొండెక్కే తాడుబండిలో వచ్చాడు. పైనుంచి తీసిన ఫోటోలో లోయ ఊదాగా కనిపించిందట. కన్ను పోయిన పెట్టె దగ్గర అబద్ధమాడితే సరిపోతుందనుకున్నాను, ఆకాశానికి కూడా ఒక కన్ను పెట్టారని మాకెవరూ చెప్పలేదు.

"లోయ ఖాళీ అని చెప్పావు, ఎర్రయ్యా."

"ఆ రోజు ఖాళీయే సార్. తీగ కదా, పాకింది."

"వారంలోనా?"

"మీరు పంపిన ఎరువు మంచిది సార్."

ఆయన నా మొహం చూశాడు. నాకు ఉన్న మొహం ఒక్కటే, అదే చూపించాను.

తర్వాత ఉన్న సంగతి చెప్పి చూద్దామనిపించింది. ఊదాతీగ గింజల మొదటి నీళ్ళు చేతి వణుకుకు పనిచేస్తున్నాయని, ఎన్ని గింజలో, ఎంతసేపో చెప్పాను. ఏడు నీళ్ళకు సరిపడా నీళ్ళిస్తే తినేవాళ్ళకు విషం ఉండదు, వణికేవాళ్ళకు మందు ఉంటుంది, తీగను పీకనక్కర్లేదని కూడా చెప్పాను.

జయంత్ శ్రద్ధగానే విన్నాడు. విని అన్నాడు, "చూడు ఎర్రయ్యా. ఆ పదార్థాన్ని గింజలోంచి తీసేసింది మండలి. ఇప్పుడు అది మందు అంటే, తీసేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళని అర్థం వస్తుంది. అలాంటి అర్థం వచ్చే వాక్యం నేను పైకి పంపలేను."

"అర్థం రాకుండా పంపండి సార్."

"అలా పంపితే ఎవరికీ అర్థం కాదు."

ఇద్దరం ఒప్పుకున్న మాట ఇదొక్కటే.

ముందు పురుగుల్ని లోయలోకి వదిలాడు. నూగు వాటి కీళ్ళలో పట్టి నాలుగూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కాళ్ళు పైకెత్తి, పెళ్ళిళ్ళ పేరయ్యలు అరుగు మీద నిద్రపోయినట్టున్నాయి. ఇక కాల్చెయ్యమన్నాడు, కాయలు బాగా ఎండనిచ్చి. తడిగా ఉంటే అంటుకోదని.

"ఎండిన దూలగొండిని కాల్చకూడదు సార్. నూగు గాలిలోకి లేస్తుంది."

"ఇది ఏ తరగతిలో చెప్పారు?"

"తరగతిలో చెప్పలేదు సార్."

"అదీ సంగతి" అన్నాడు.

ఆయన తాడుబండి ఎక్కాక మళ్ళీ లోయలోకి దిగాను. ఐదు రోజులు దిగాను. గింజలు ఒలిచి, బూడిదలో కలిపి, కుండలో పోసి అటక ఎక్కించాను. రెండు మానికలు తేలాయి.

జ్యేష్ఠ కార్తె, నాలుగో రోజు

లోయ కాల్చారు.

పావుగంట దాకా పొగ దిగువకే వెళ్ళింది. "చూశావా?" అన్నాడు జయంత్. తర్వాత ఎండ ఎక్కింది, లోయగాలి పైకి తిరిగింది. ఈ కొండల్లో రోజూ ఆ వేళకు తిరుగుతుంది. మెట్ట మీద మేకలకు కూడా తెలుసు, అవి అప్పటికే అవతలి వాలుకు వెళ్ళిపోయాయి.

మేం గోనెలు కప్పుకుని ఇళ్ళలోకి దూరాం. జయంత్‌తో సహా మండలి మనుషులు ముగ్గురూ, వాళ్ళ వెనక అరడుగు దూరంలో వినయంగా నిలబడ్డ పోలినాయుడూ గట్టు మీద ఉండిపోయారు. తర్వాత జరిగింది రాయడానికి ఒక పేజీ చాలదు. పోలినాయుడు చొక్కా విప్పేసి తాగేనీళ్ళ తొట్టిలో దూకబోయాడు. ఆడవాళ్ళు చీపుళ్ళు తిరగేసి అడ్డం నిలబడ్డారు. అతన్ని ఆపడానికి ఇన్నాళ్ళకు ఒక పద్ధతి దొరికింది.

జయంత్‌కు మేకపేడ పూసుకోమని చెప్పాను. మండలి ఇచ్చిన ట్యూబు మందు ఉందన్నాడు. పూసుకున్నాడు. ఆ జిడ్డుకు నూగు ఇంకా గట్టిగా అతుక్కుంది. పరీక్ష ఎల్లుండి కాబట్టి బంగళాలోనే ఉండిపోయాడు. గోడకు వీపు రాసుకుంటున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది.

లోయ నల్లగా ఉంది. వదిన వచ్చి చూసి, వెంటనే ఇంటికెళ్ళి అటక మీద కుండ ఉందో లేదో చూసుకుంది.

జ్యేష్ఠ, ఆరో రోజు

పరీక్ష ఎనిమిదింటికి అన్నారు. ఏడింటికి వదినకు పద్దెనిమిది గింజల నీళ్ళిచ్చాను. ఎనిమిదింటికి చెయ్యి రాయిలా ఉంది. పచ్చగీత దగ్గర కూర్చున్నాం.

తొమ్మిదయింది. జయంత్ స్నానం చేస్తున్నాడన్నారు. పదయింది. మళ్ళీ స్నానం చేస్తున్నాడన్నారు. ఆయన ఒంటి మీద పోసిన నీళ్ళతో మెట్ట మొత్తం ఏడు నీళ్ళు ఉడికించుకోవచ్చు. పదకొండు దాటాక వదిన చూపుడువేలు కదిలింది. చీరకొంగులో దాచుకుంది. ఇంటికి పరుగెత్తి మళ్ళీ ఉడికించినా, తాగాక పనిచెయ్యడానికి గంట పడుతుంది.

పదకొండున్నరకు జయంత్ వచ్చాడు. మెడంతా ఎర్రగా ఉంది. వరసలో మొదటి పేరు వదినదే. నిలబడింది. అప్పటికి చెయ్యి మొత్తం కదులుతోంది.

"బాబూ," అంది, "నడక ఎలాగుండాలో ఓపాలి నువ్వు సూపించు. ముసిల్దాన్ని, మర్సిపోతాను."

"ఇన్నిసార్లు నడిచావు కదా!"

నేను నియమాల కాయితం తీశాను. అది బంగళా గోడకు పదిహేనేళ్ళుగా అంటించి ఉంది. అంతా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. తొమ్మిదేళ్ళుగా రోజూ ఆ గోడకు ఎదురుగా కూర్చుని పెట్టెతో మాట్లాడే ఉద్యోగం నాది. "మూడో నియమం సార్. అభ్యర్థి కోరినచో పరీక్షకుడు ముందుగా ఒకసారి నడిచి చూపవలెను. చుక్కల సంఖ్య నమోదు చేయవలెను."

మెట్ట మీద ఉన్నవాళ్ళందరూ చుట్టూ మూగారు. జయంత్ నవ్వి గ్లాసు అందుకున్నాడు. గ్లాసులు నింపేది పోలినాయుడు. అలవాటుకొద్దీ అంచుదాకా పోశాడు.

రెండడుగులు బాగానే వేశాడు. మూడో అడుగులో భుజం ఎగరేశాడు. నాలుగో అడుగులో మెడ వంకర పెట్టాడు. వీపు మధ్యలో, చెయ్యి అందని చోట పట్టుకున్నట్టుంది. ఆరో అడుగు దగ్గర నిలబడిపోయాడు. కళ్ళు మూసుకుని పళ్ళు బిగించాడు. తర్వాత ఒళ్ళంతా ఒక్కసారి విదిలించాడు. పదిహేడు చుక్కల దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత పడినవి చుక్కలు కావు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు బాగుండేది.

తర్వాత వదిన నడిచింది. తల ఎత్తుకుని, తొందర లేకుండా, పదడుగులూ నడిచింది. నాలుగు చుక్కలు.

పరీక్ష ఫలితం పెట్టెకు ఇద్దరం చెప్పాలి, ముందు నేను, తర్వాత ఆయన. ఇద్దరి గొంతులూ లేకపోతే అది తీసుకోదు.

"అప్పలనర్సమ్మ, నాలుగు చుక్కలని చెప్పు" అన్నాడు జయంత్.

"చెబుతాను సార్. నడిచిన వరసలో చెప్పాలి. మొదట మీరు."

"నేను చూపించానంతే."

"అదే నమోదు చెయ్యమని ఉంది సార్."

ఆయన మెడ గోక్కున్నాడు. పెట్టె వంక, నా వంక, చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూశాడు. ఆ పదిహేడు చుక్కలూ పైకి వెళ్తే ఎవరు చదువుతారో, దానికేం అర్థం వస్తుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఎంతసేపు గోక్కున్నా దానికి ఇంకో దారి దొరకలేదు.

"ఈసారి పరీక్ష జరగలేదు" అన్నాను పెట్టెతో.

"జరగలేదు" అన్నాడు ఆయన.

"నమోదైంది."

అంటే ఇంకో మూడు కార్తెలు. అంతే. గెలిచామని ఎవరూ అనుకోనక్కర్లేదు. వదిన మాత్రం ఆ గ్లాసులో మిగిలిన నీళ్ళు అక్కడే నిలబడి తాగేసింది, తొట్టిలో తిరిగి పొయ్యాలని నియమం ఉన్నా.

జ్యేష్ఠ, ఏడో రోజు

పొద్దున గింజలన్నీ లెక్కపెట్టాను. వెయ్యీ నూట అరవై. మృగశిరలో ఎక్కడో ఒక చోట దొంగతనంగా నాటడానికి రెండు వందలు తీసి పక్కన పెట్టాను. రోజుకు పద్దెనిమిది చొప్పున మిగతావి యాభై మూడు రోజులొస్తాయి. పరీక్షకు ముప్పై తొమ్మిది రోజులుంది. సరిపోతాయి.

మధ్యాహ్నం పోలినాయుడు వచ్చాడు. చేతిలో నీళ్ళు కొలిచే క్యాను ఉంది.

"ఏటి, రాసుకోడానికొచ్చినావా?" అంది వదిన. "ఇయ్యాల ఎనిమిది నీళ్ళు పారబోసినాను. రాసుకో."

అతను క్యాను కింద పెట్టబోయాడు. దాని మూత టకటకా కొట్టుకుంది. ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకున్నాడు. అయినా మూత ఆగలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"వానల ముందు నుంచి."

"పరీక్షలెలా గట్టెక్కావు?"

నేల చూశాడు. "నా గ్లాసు నానే పోసుకుంతాను కదా. కొంచెం తక్కువ పోసుకున్నాను."

వదిన గుమ్మంలో కూర్చున్నది లేచి నిలబడింది. "నా గ్లాసు మాత్రం అంచుదాకా పోసినావు."

"రూలు కదమ్మా."

వదిన అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఈ నోటు పుస్తకంలో రాయకూడని మాటలు నాలుగు అంది. అతను నాలుగూ విన్నాడు. వెళ్ళిపోలేదు. అవి అయిపోయాక వదిన లోపలికి వెళ్ళి అటక మీద కుండ దింపింది.

"వదినా, లెక్క విను. ఇతనికీ ఇస్తే ముప్పై రోజులే వస్తాయి. పరీక్ష ముప్పై తొమ్మిదో రోజున. తొమ్మిది రోజులు తక్కువ. ఈసారి ఒలికితే శిబిరమే."

"నువ్వు లెక్క రాసుకో. నాను పొయ్యి ఎలిగిత్తాను."

"ఈ మనిషికా?"

"నీకు మడిసి నచ్చాలేటి, సెయ్యి వణికితే సాలదా?" అని గింజలు దంచుతూ పోలినాయుడి వైపు తిరిగింది. "ఒరే పోలిగా. రేపటి నుంచి ప్రతి ఇంటికీ సెంబుడు నీళ్ళు ఎక్కువ పొయ్యి. ఎలా పోత్తావో, ఎవుడికి ఏటి సెప్పుకుంతావో నాకు తెల్దు. తక్కువ పొయ్యడం వొచ్చినోడివి, ఎక్కువ పొయ్యడం కూడా నేర్సుకో."

పోలినాయుడు తలూపాడు. తాగాడు. ఆ చేదుకు మొహం ఎన్ని వంకర్లు తిప్పాడంటే, ఆ గొడవ రోజు రెండు వేళ్ళు తక్కువ పోసిన నీళ్ళకు కొంత ముట్టినట్టే.

పోలినాయుడు: పద్నాలుగు గింజలు. గంటంబావుకు చెయ్యి నిలిచింది. వాంతి లేదు. వెళ్ళేటప్పుడు ఒక మంచి మాట కూడా అనలేదు. గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి వచ్చి, పన్నెండో మెట్ట వెనక ఇంకో లోయ ఉందని, అక్కడ ఊదాగా కనిపిస్తోందని, పెట్టెకు తెలియదని చెప్పాడు. తనకెప్పటి నుంచి తెలుసో చెప్పలేదు.

రేపు ఇద్దరం వెళ్తున్నాం. గోనె తను పట్టుకుంటానన్నాడు. కాయ కోసేటప్పుడు గాలికి ఎటు నిలబడాలో అతనికి ముందే చెప్పమంది వదిన.

నేను చెప్పలేదు.